పోలండ్ పాఠం సగమే చెబుతున్నారు: అర్థశాస్త్ర సిలబస్ సంఘాలకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాల రచయితలకు, పోటీ పరీక్షల మెటీరియల్ తయారుచేసేవారికి,

నమస్కారం.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకుణ్ణి. సోషలిస్టు వ్యవస్థ నుంచి మార్కెట్ వ్యవస్థకు మారిన దేశాల అధ్యాయాన్ని సరిచేయమని కోరుతూ ఒక సిలబస్ సంఘానికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. కొన్ని నెలలాగి ఆధారాలు జతచేసి మళ్లీ రాశాను. అందినట్టు ఒక్క వాక్యం కూడా రాలేదు. మీ పాండిత్యం మీద నాకు గౌరవం ఉంది, నా సహాధ్యాయులు కొందరు మీలోనే ఉన్నారు. కానీ ఇది నాకూ ఒక సంఘానికీ మధ్య ఉండిపోవాల్సిన విషయం కాదు కనుక నలుగురి ముందు పెడుతున్నాను.

మన నోట్సుల్లో ఈ అధ్యాయం సారాంశం ఇంతే. ప్రభుత్వ సంస్థలు మూతపడ్డాయి, నిరుద్యోగం పెరిగింది, కార్మికులు వెనుకబడిన ప్రాంతాల నుంచి అభివృద్ధి చెందిన ప్రాంతాలకు వలస వెళ్లారు, ప్రాంతాల మధ్య తేడా తగ్గింది. కింద లూయిస్ నమూనా (పల్లెల్లోని మిగులు కూలీలు పట్టణ పరిశ్రమలకు తరలుతారనేది), హారిస్-తొదారో నమూనా (పట్నంలో ఆశించే జీతాన్ని బట్టి జనం వలస పోతారనేది) పేర్లు. వాటి మీద రెండు బిట్లు. పోలండ్‌ను మార్కెట్ వ్యవస్థకు మార్చిన బల్త్సెరోవిచ్ ప్రణాళిక ఎప్పుడు మొదలైంది? 1990 జనవరి 1. అయిపోయింది, తర్వాతి అధ్యాయం.

మొదటి రెండు మాటలు నిజం. మూడోదీ నాలుగోదీ పోలండ్‌లో మనం చెబుతున్న తీరులో జరగలేదు. సంస్కరణల తర్వాత మొదటి పదిహేనేళ్లలో దేశం లోపలి వలస పెరగకపోగా తగ్గింది. ఎక్కడ పని లేదో అక్కడివాళ్లే కదలలేకపోయారు. కదిలినవాళ్లు ఎక్కువగా చదువుకున్న యువతీ యువకులు. తరవాత నిరుద్యోగ శాతం పడిపోయిన మాట నిజమే గానీ, దానికి పని పుట్టడం ఒక కారణమైతే, జనం దేశం దాటిపోవడం, మిగిలినవాళ్లు పింఛను వయసుకు చేరడం మరో రెండు కారణాలు. ఈ మూడింటినీ విడదీయకుండా "వలస వల్ల తేడా తగ్గింది" అని పిల్లలతో వల్లె వేయిస్తున్నాం.

సంస్కరణలే తప్పని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పోలండ్ 1996కల్లా 1989 నాటి ఉత్పత్తి స్థాయిని దాటింది, పాత సోవియట్ కూటమి దేశాల్లో అందరికంటే ముందు. 1992 నుంచి 2020లో కోవిడ్ వచ్చేదాకా ఒక్క ఏడాది కూడా వెనక్కి పోలేదు. అది చిన్న విషయం కాదు. సగటు పెరిగింది. ఆ సగటు కింద ఎవరు ఎక్కడ ఉండిపోయారన్నది మన పుస్తకాల్లో లేదు, అంతే నా ఫిర్యాదు.

పుస్తకాల్లో లేని విషయాలు ఇవి:

1. తేడా ఎంతటిది. 1989 దాకా కాగితం మీద నిరుద్యోగం లేని దేశం అది. 1990 చివరికి పని లేదని నమోదైనవారు 11 లక్షలు దాటారు. 1993 చివరికి 29 లక్షలకు దగ్గరపడ్డారు, అంటే 16.4 శాతం. కొన్నేళ్లు తగ్గి మళ్లీ పెరిగి, 2002 చివరికి 32 లక్షలు, దాదాపు 20 శాతం. యువతలో అయితే పని వెతుక్కునేవారిలో పదిమందికి నలుగురికి దొరకని రోజులవి. ఆ ఏళ్లలోనే రాజధాని వార్సా నగరంలో నిరుద్యోగం పది శాతం లోపు ఉంటే, ఉత్తరాన వార్మియా-మజూరియా ప్రాంతంలో 30 శాతం దరిదాపుల్లో ఉంది. ఒకే జెండా, ఒకే చట్టం, రైలెక్కితే కొన్ని గంటల దూరం. మన సిద్ధాంతం ప్రకారం ఉత్తరాది జనం గుంపులుగా వార్సాకు తరలిపోవాలి. తరలిపోలేదు. ఎందుకు పోలేదన్న ప్రశ్న ఏ పరీక్ష పేపరులోనూ నాకు కనబడలేదు.

2. ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల కూలీలు. అక్కడ పీజీఆర్ అనేవారు. సోషలిస్టు కాలంలో కూడా పోలండ్ వ్యవసాయ భూమిలో నాలుగింట మూడొంతులు, అంతకంటే కాస్త ఎక్కువే, సొంత రైతుల చేతుల్లోనే ఉండేదని మన విద్యార్థులకు తెలియదు. సమష్టి వ్యవసాయం అంటే సోవియట్ నమూనా అందరికీ ఒకటే అని రాసేస్తాం. మిగతా భూమిలో ఎక్కువ భాగం ఈ ప్రభుత్వ క్షేత్రాలది. అవి ముఖ్యంగా ఉత్తరాన, పడమరన ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి పోలండ్‌కు వచ్చిన నేల అది. పాత జనం వెళ్లగొట్టబడి, ఎక్కడెక్కడివారో వచ్చి స్థిరపడిన ఊళ్లు. తాతల నాటి పొలం, పక్కూళ్లో మేనమామ ఇల్లు లాంటి ఆసరాలు అక్కడ తక్కువ.

క్షేత్రమే అక్కడ సర్వస్వం. పొలాల మధ్య రెండు మూడు అంతస్తుల క్వార్టర్లు కట్టి కూలీలను పెట్టారు. పిల్లల బడి, దుకాణం, క్యాంటీన్, పట్నానికి బస్సు, పండగ రోజున పాటల కచేరీ అన్నీ క్షేత్రం లెక్కలోనే. 1991 అక్టోబరులో చట్టం చేసి, 1992 నుంచి ఈ ఆస్తినంతా ఒక ప్రభుత్వ ఏజెన్సీకి అప్పగించారు. 1,600 పైచిలుకు క్షేత్రాలు అలా రద్దయ్యాయి. ఒకప్పుడు వాటిలో పనిచేసినవారు నాలుగు లక్షల పైమాటే. భూమిని పెద్ద కౌలుదారులకు ఇచ్చారు. ట్రాక్టర్లున్న కౌలుదారుకు పాత కూలీల్లో కొద్దిమంది చాలు. మిగతావారికి క్వార్టర్లు నామమాత్రపు ధరకు రాసిచ్చారు.

ఇక్కడ ఆగి ఆలోచించమని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి. ఇల్లు ఇవ్వడం మేలేగా? మేలే. కానీ ఆ ఇల్లు కొనేవాడు లేడు. అమ్మితే వచ్చే డబ్బు వార్సాలో కొన్ని నెలల అద్దెకు కూడా సరిపోదు. వదిలిపోతే తల మీద కప్పు పోతుంది. వాళ్లను అక్కడే కట్టేసింది ఆ ఇల్లే. క్షేత్రం పోయాక బస్సు పోయింది, బడి పోయింది, కొన్నిచోట్ల దుకాణమూ పోయింది. ఎనిమిదో తరగతి దాకా చదివి ఆవులు మేపిన నలభై అయిదేళ్ల మనిషికి నగరంలో ఏ పని దొరుకుతుందో హారిస్-తొదారో సమీకరణం చెప్పదు. ఈ గాయం ఎంత లోతుదంటే, 2021లో కూడా పోలండ్ ప్రభుత్వం పాత పీజీఆర్ కూలీల కుటుంబాల పిల్లలకు కంప్యూటర్లు కొనివ్వడానికి ప్రత్యేక పథకం పెట్టాల్సి వచ్చింది. అప్పటికి క్షేత్రాలు మూతపడి ముప్పయ్యేళ్లు.

3. ఇళ్లు. పై విషయం కూలీలకే పరిమితం కాదు. 1970ల చివర ఏడాదికి రెండున్నర లక్షలకు పైగా ఇళ్లు కట్టిన దేశం, 1989లో లక్షన్నరకు, 1996లో 62 వేలకు పడిపోయింది. నగరాల్లో అద్దె ఇళ్లు కొద్ది, వాటి అద్దెలు ఎక్కువ. పని ఉన్నచోట ఇల్లు లేదు, ఇల్లు ఉన్నచోట పని లేదు. ఒక చోటి నుంచి మరో చోటికి శాశ్వతంగా మారినట్టు నమోదు చేసుకున్నవారు 1980లో 9 లక్షలకు దగ్గరగా ఉంటే, 2000 నాటికి 4 లక్షల దరికి వచ్చారు. నిరుద్యోగం సున్నా ఉన్నప్పుడు ఎక్కువమంది కదిలారు, నిరుద్యోగం పెరిగాక సగానికి పైగా తగ్గారు. ఒకప్పుడు పిలిచి క్వార్టర్ ఇచ్చే ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు. పైగా 2000 తర్వాత పల్లెల నుంచి నగరాలకు పోయినవారికంటే నగరాల నుంచి పల్లెలకు వచ్చినవారే ఎక్కువ, అందులో పెద్ద భాగం శివారు పల్లెల్లో ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి. లూయిస్ నమూనాలో ఇది ఎక్కడ ఇముడుతుందో మీరే చెప్పాలి.

4. దారి. 2000 సంవత్సరంలో రైల్వే ఒకేసారి వెయ్యి కిలోమీటర్లకు పైగా మార్గాల్లో ప్రయాణికుల రైళ్లు ఆపేసింది. ప్రభుత్వ బస్సు డిపోలు ఒక్కొక్కటే కుంచించుకుపోయాయి. ఇల్లు మారకుండా రోజూ వెళ్లివచ్చి పనిచేసుకునే దారి కూడా అలా మూసుకుపోయింది. బస్సుల కోసం ప్రత్యేక నిధి పెట్టింది 2019లో.

5. రాజధాని దగ్గరున్నా అంతే. షిద్వోవియెత్స్ అని ఒక చిన్న జిల్లా ఉంది. వార్సా ఉన్న మజోవియా ప్రాంతంలోనే, రాజధానికి వంద కిలోమీటర్లకు కాస్త పైన. ఏళ్ల తరబడి దేశంలోకెల్లా ఎక్కువ నిరుద్యోగం అక్కడే, 30 శాతం పైన. రాదోమ్‌లోని ఆయుధాల, బూట్ల ఫ్యాక్టరీలకూ స్తారాహొవిత్సెలోని ట్రక్కుల ఫ్యాక్టరీకీ బస్సెక్కి వెళ్లివచ్చిన జనం వాళ్లు. ఆ ఫ్యాక్టరీలు కుప్పకూలడమో, కొద్దిమందితో మిగలడమో జరిగింది. 2019లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 5 శాతం దరికి దిగినప్పుడు కూడా ఈ జిల్లాలో 20 శాతం దాటే ఉంది. అదే సమయంలో పోలండ్‌లో పనిచేస్తున్న ఉక్రెయిన్ వారు పది లక్షలకు పైనే. పని ఉంది, కూలీల కొరత ఉంది, నిరుద్యోగం కూడా ఉంది. "వలస వస్తే సరిపోతుంది" అనేవారికి ఈ ఒక్క జిల్లా చాలు.

6. శాతం ఎలా తయారవుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన పుస్తకాల్లో పూర్తిగా కొరవడింది కూడా ఇదే.

ఆ ఏళ్లలో పోలండ్‌లో రెండు హెక్టార్లకు మించి సాగుభూమి ఉన్నవారు నిరుద్యోగిగా నమోదు కావడానికి వీలుండేది కాదు. మన లెక్కలో సుమారు అయిదెకరాలు. తూర్పున లుబ్లిన్, పొద్లాసియె ప్రాంతాల్లో ఫ్యాక్టరీలో పని పోయినవాడు తండ్రి ఇచ్చిన చెక్కలో బంగాళాదుంపలు వేసుకుంటూ బతికాడు. లెక్కలో వాడు రైతు. ఆ ఇంట్లో ముగ్గురు చేసే పనికి ఒక్కడు చాలు, అయినా అక్కడ నిరుద్యోగం తక్కువే కనిపిస్తుంది. పీజీఆర్ కూలీకి సెంటు భూమి లేదు, వాడు పూర్తిగా లెక్కకెక్కాడు. అంటే ఉత్తరానికీ తూర్పుకూ మధ్య కనిపించే తేడాలో కొంత భాగం భూమి పట్టా చూపించిన తేడా.

మరోవైపు, నిరుద్యోగిగా నమోదైతే ఆరోగ్య బీమా వస్తుంది. అందుకని కొందరు చిల్లర పనులు చేసుకుంటూనే నమోదై ఉండేవారు. భృతి కోసం అనుకోకండి. 1990లో కార్మిక మంత్రి యాత్సెక్ కురోన్ కాలంలో మొదలైన నిరుద్యోగ భృతికి జనం ఆయన పేరే పెట్టి పిలుచుకున్నారు గానీ, ఏడాది రెండేళ్లలోనే దానికి గడువు పెట్టారు. 2002 నాటికి నమోదైన ప్రతి అయిదుగురిలో నలుగురికి పైగా భృతి లేనివారే.

ఇంకో పక్క వైకల్య పింఛన్లు, ముందస్తు పింఛన్లు. 1990ల చివర వైకల్య పింఛను తీసుకునేవారు 20 లక్షలకు పైగా ఉండేవారు. అంతమందికి ఒక్కసారిగా జబ్బు చేయలేదు. యాభై దాటి పని పోయినవారిని లెక్కలోంచి తీసే మర్యాదైన దారి అది. తిట్టాలని లేదు, వాళ్లకు వేరే దిక్కు లేదు. కానీ పట్టిక చదివే విద్యార్థికి ఈ మూడు సంగతులూ తెలియకపోతే వాడు చదివేది పోలండ్ నిరుద్యోగాన్ని కాదు, పోలండ్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ నిబంధనల్ని.

7. గట్టిగా అడిగినవారికి దక్కింది, మిగతావారికి దక్కలేదు. బొగ్గు గని కార్మికులు సమ్మె కట్టగలరు, వార్సాకు వచ్చి రోడ్డు మీద కూర్చోగలరు. 1998లో వారికి ప్రత్యేక ప్యాకేజీ వచ్చింది, పదుల వేలమంది పరిహారమో ముందస్తు విరామమో తీసుకున్నారు. అదే దేశంలో వూచ్ నగరపు నూలు మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లకు అలాంటిదేమీ రాలేదు. సోవియట్ మార్కెట్ పోగానే మిల్లులు మూతపడ్డాయి, వాళ్లు ఇళ్లకు పోయారు. 1988లో 8.5 లక్షల జనాభా ఉన్న ఆ నగరం ఇప్పుడు 7 లక్షలకు దిగువన ఉంది. గని వాళ్లందరికీ న్యాయం జరిగిందనుకోకండి. దిగువ సిలీషియాలోని వౌబ్‌జిఖ్ గనులు 1990ల తొలి ఏళ్లలోనే, ఆ ప్యాకేజీకి ముందే మూతపడటం మొదలైంది. పని పోయినవారు ఊరి చుట్టూ అడవుల్లో చేతులతో గుంతలు తవ్వి బొగ్గు అమ్ముకున్నారు, ఆ గుంతల్లో చచ్చిపోయారు కూడా. తర్వాత ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది, టయోటా ఫ్యాక్టరీ వచ్చింది. వౌబ్‌జిఖ్‌కు అది ఊపిరే. కానీ ఇలాంటి మండళ్లకు వచ్చిన కంపెనీలు ఎక్కువగా రోడ్డు, రైలు, పనితనం తెలిసిన మనుషులు ముందే ఉన్న పారిశ్రామిక ఊళ్లను చూసుకుని వచ్చాయి. మజూరియా సరస్సుల నడుమ క్వార్టర్లలో మిగిలిపోయిన కూలీ దాకా రాలేదు.

8. చివరికి జనం కదిలారు, దేశం దాటి. 2004 మే 1న పోలండ్ ఐరోపా సమాఖ్యలో చేరింది. బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ అదే రోజు తలుపు తీశాయి, జర్మనీ 2011 దాకా తీయలేదు. బయట ఉంటున్న పోలండ్ వాసులు 2004లో 10 లక్షలని అంచనా, 2007 చివరికి 22 లక్షల పైన. సొంత రాజధానికి పోలేనివాడు లండన్ ఎలా పోయాడు? ఆలోచిస్తే అర్థమవుతుంది. లండన్‌లో నలుగురు ఒక గదిలో ఉండి సంపాదించిన పౌండ్లు ఊళ్లో ఇల్లు నిలబెడతాయి. వార్సా జీతం వార్సా అద్దెకే పోతుంది. 2004 చివర 19 శాతం ఉన్న నిరుద్యోగం 2008 చివరికి 9.5కు పడింది. ఐరోపా నిధులు, కొత్త పెట్టుబడులు కొంత పని కల్పించిన మాట నిజమే. ఎంత పని పుట్టింది, ఎంతమంది లెక్కలోంచి వెళ్లిపోయారు అని అడగకుండా ఆ గీత కిందికి దిగిందని చప్పట్లు కొట్టడం అర్థశాస్త్రం కాదు. ఆ ఏళ్లలోనే తల్లిదండ్రులు బయట, పిల్లలు నాయనమ్మ దగ్గర ఉన్న ఇళ్ల గురించి అక్కడి పత్రికలు "యూరో అనాథలు" అని రాశాయి.

ఒపోలే ప్రాంతం దీనికి పరాకాష్ఠ. జర్మన్ మూలాలున్న చాలామందికి రెండు పాస్‌పోర్టులు ఉండటంతో 1990ల నుంచే జర్మనీలో పనిచేసి వస్తున్నారు. ఆ పల్లెల్లో నిరుద్యోగం తక్కువ, ఇళ్లు కొత్తవి, వీధుల్లో మనుషులు లేరు.

9. వెళ్లినవాళ్లు వెళ్లాక. నగరపాలికలకు వచ్చే ఆదాయంలో పెద్ద వాటా అక్కడ నివసించేవారి ఆదాయపు పన్ను నుంచి వస్తుంది. సంపాదించేవాడు వెళ్లిపోతే ఆ వాటా పోతుంది, నీళ్ల పైపుల ఖర్చు మాత్రం పోదు. 1999 జనవరి 1న 49 ప్రాంతాలను 16కు కుదించినప్పుడు కొషాలిన్, స్వుప్స్క్, వౌబ్‌జిఖ్, రాదోమ్ లాంటి ఊళ్లు ప్రాంతీయ రాజధాని హోదా కూడా పోగొట్టుకున్నాయి. ఆఫీసులు పోయాయి, వాటి వెనకాలే చదువుకున్న కుటుంబాలు పోయాయి. తర్వాత అక్కడి పరిశోధకులు తీసిన లెక్కలో, ప్రాణం తగ్గిపోతున్న మధ్యతరహా పట్టణాలు 122 తేలాయి.

ఇన్ని చెప్పాక మీలో ఒకరు అనబోయే మాట నాకు తెలుసు: అమెరికాలో వలసే సర్దుబాటు చేసింది కదా అని. 1992లో ఆర్థికవేత్తలు ఒలివియే బ్లాంషార్, లారెన్స్ కాట్జ్ అమెరికా రాష్ట్రాల మీద చేసిన అధ్యయనాన్ని నేనూ చెప్పాను పాఠంలో. అది చెప్పేది ఏమిటి? ఒక రాష్ట్రానికి దెబ్బ తగిలితే కొన్నేళ్లలో నిరుద్యోగ శాతం మామూలు స్థాయికి వస్తుంది, ఎక్కువగా జనం వెళ్లిపోవడం వల్ల. పోయిన ఉద్యోగాలు తిరిగి రావు. కదలడం సులువైన అమెరికాలోనే సంగతి ఇది. ఇళ్లు దొరకని పోలండ్‌కు ఆ మొదటి సగాన్ని అతికించి, రెండో సగాన్ని వదిలేశాం.

మన రాష్ట్రాలకు దీనితో పనేమిటి అంటారా? ఈ పుస్తకాలు చదివినవారే రేపు గ్రూప్-1, గ్రూప్-2 పాసై ఎంపీడీవోలు, గణాంక అధికారులు, ప్రణాళికా శాఖ ఉద్యోగులు అవుతారు. పాలమూరు, కదిరి, ఉద్దానం గురించి నివేదిక రాయాల్సి వచ్చినప్పుడు వాళ్ల చేతికి వచ్చే వాక్యం మనం వల్లె వేయించిందే: వలస తేడాలను తగ్గిస్తుంది. జిల్లాలో నిరుద్యోగం తక్కువ కనిపిస్తే సంతోషించి సంతకం పెడతారు. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, ఉన్నవాడు రెండెకరాల పేరుతో రైతు పట్టికలో దాక్కున్నాడా అని అడగాలన్న ఆలోచన రాదు, ఎందుకంటే మనం ఎప్పుడూ అడగలేదు. దేశంలో పూర్తయిన చివరి జనగణన 2011ది. ఆ లెక్కలతోనే ఇంకా లాగుతున్నప్పుడు, అంకె వెనక ఏముందో అడిగే అలవాటు మరింత అవసరం.

మరో సంగతి. ఇప్పుడు మన పిల్లలు కూడా చదువులకు, పనులకు వార్సా, వ్రోత్స్వాఫ్, వూచ్ వెళ్తున్నారు. తాము అద్దెకుండే వూచ్ వీధిలో ఆ పాత మిల్లు ఎందుకు షాపింగ్ మాల్ అయిందో, ఆ దేశంవాళ్లే వదిలేసిన పనులకు తమను ఎందుకు పిలిచారో తెలుసుకుని వెళ్లడం వారి హక్కు. కన్సల్టెన్సీలు ఎలాగూ చెప్పవు.

కాబట్టి నేను అడుగుతున్నవి:

1. "కార్మికుల వలస వల్ల ప్రాంతీయ నిరుద్యోగ వ్యత్యాసాలు తగ్గాయి" అన్న అర్థం వచ్చే వాక్యాలను సోషలిస్టు అనంతర దేశాల అధ్యాయం నుంచి తొలగించండి. దాని స్థానంలో ఏ దేశం, ఏ కాలం, ఎవరు కదిలారు, ఎవరు కదలలేదు అన్నది రాయండి.

2. డిగ్రీ స్థాయిలో 1990 నుంచి 2008 దాకా పోలండ్ అనుభవాన్ని ఒక పూర్తి పాఠంగా పెట్టండి. పీజీఆర్ క్షేత్రాలు, వూచ్ మిల్లులు, వౌబ్‌జిఖ్ గనులు, షిద్వోవియెత్స్ జిల్లా అందులో ఉండాలి. తూర్పు జర్మనీని పక్కన పెట్టి పోల్చవచ్చు. అక్కడివారికి 1990 నుంచే పడమటి జర్మనీలో అదే భాష, అదే పౌరసత్వం దొరికాయి, పోలండ్ వారికి దొరకలేదు. ఆ తేడా ఒక్కటే ఒక తరగతికి సరిపడా చర్చ.

3. నిరుద్యోగ శాతం ఏ నిబంధనలతో తయారవుతుందో చెప్పకుండా ఏ దేశపు పట్టికనూ అచ్చు వేయకండి. మన ఆవర్తన శ్రామిక సర్వేకు (పీఎల్ఎఫ్ఎస్) కూడా ఇదే వర్తించాలి. ఏడాది మొత్తాన్ని చూసే "సాధారణ స్థితి", గడిచిన వారాన్ని చూసే "వారపు స్థితి" అన్న రెండు పద్ధతుల్లో వేర్వేరు అంకెలు ఎందుకొస్తాయో పరీక్షలో అడగండి.

4. తేదీ బిట్లు తగ్గించండి. బల్త్సెరోవిచ్ ప్రణాళిక మొదలైన రోజు తెలిసినంత మాత్రాన ఎవడూ మంచి అధికారి కాడు. ఒక జిల్లాలో నిరుద్యోగం తగ్గి, జనాభా కూడా తగ్గితే ఇంకా ఏ సమాచారం అడుగుతావు అన్నది ఒక ప్రశ్నగా పెట్టండి.

5. ప్రాజెక్టు పని చేసే విద్యార్థులు వలస వెళ్లినవారి ఇళ్లకు మాత్రమే కాకుండా, వెళ్లాలనుకుని వెళ్లలేకపోయినవారి ఇళ్లకు కూడా వెళ్లేలా మార్గదర్శకాలు మార్చండి. అద్దె, అడ్వాన్సు, ముసలి తల్లిదండ్రులు, అప్పు, బస్సు లేకపోవడం ఇవన్నీ ప్రశ్నావళిలో ఉండాలి. ప్రస్తుతం వాడుతున్న ప్రశ్నావళుల్లో నేను చూసినవాటిలో "వలసకు కారణాలు" అన్న శీర్షిక ఉంది, వలస వెళ్లకపోవడానికి కారణాలన్నది లేదు.

6. ఈ లేఖలోని ఏ అంకె తప్పని మీకు అనిపించినా బహిరంగంగానే చెప్పండి, సరిచేస్తాను. అన్నీ సరైనవే అయితే, వచ్చే విద్యాసంవత్సరపు సిలబస్ ఖరారు కాకముందే ఈ విషయాన్ని సంఘం ఎజెండాలో పెట్టి, ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో రాతపూర్వకంగా ప్రకటించండి. తిరస్కరించినా సరే, కారణం రాయండి.

ఈ లేఖ ప్రతులను కళాశాలల అర్థశాస్త్ర శాఖలకూ, తెలుగు అకాడమీలకూ పంపుతున్నాను. చదివిన అధ్యాపకులు తమ తరగతిలో ఏం చెబుతున్నారో, ఏ పుస్తకం వాడుతున్నారో నేరుగా సిలబస్ సంఘాలకే రాయాలని కోరుతున్నాను. ఒక్కడి ఉత్తరానికి జవాబు రాకపోవచ్చు, యాభై ఉత్తరాలకు ఏదో ఒకటి రాయక తప్పదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు